బొర్రా గుహల దగ్గర మా పిల్లలు దిద్దిన జవాబు



సంస్కృతి గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. థింసా గురించో, కొర్రకొత్త పండగ గురించో చెప్పాలంటే మాకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. అందుకే మేము ఒక గుహ గురించి, ఒక జవాబు పత్రం గురించి చెబుతాం. మేము అంటే వార్డెన్, ఇద్దరు టీచర్లు, వంట అక్క, నలభై రెండు మంది ఆడపిల్లలు. తప్పు జరిగిన చోట మాత్రం ‘మేము’ అంటే వార్డెన్ ఒక్కరేనని అర్థం చేసుకోండి.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మా హాస్టల్లో క్విజ్ పెట్టాం. ఇరవై ప్రశ్నలు. పోటీ పరీక్షల పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని రాత్రి పదింటి దాకా కూర్చుని తయారు చేశాం. పదకొండో ప్రశ్న: బొర్రా గుహలను కనుగొన్నది ఎవరు? పుస్తకంలో జవాబు ఉంది. 1807లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ జార్జ్. ఇంటర్నెట్‌లోనూ అదే ఉంది. ఇంకేం కావాలి?

అనంతగిరి మండలం నుంచి వచ్చి మా దగ్గర ఏడో తరగతి చదువుతున్న ఒక పిల్ల ఆ ప్రశ్నకు ఇలా రాసింది: “మా ఊరివాళ్లు. ఆవు పడిపోతే వెతుక్కుంటూ పోయి చూశారు.” మేము ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టాం. ఒక్క మార్కు తేడాతో ఆ పిల్లకు మూడో బహుమతి పోయింది. బహుమతి పెద్దదేమీ కాదు, స్టీలు టిఫిన్ డబ్బా. కానీ ఆ పిల్ల రెండు రోజులు అన్నం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు కాగితం పట్టుకొచ్చి, “మేడమ్, మరి మేమెవరం?” అంది. మాకు అర్థం కాలేదు. వెళ్లి చదువుకో అన్నాం.

హాస్టల్ నడిపేవాళ్లకు ఇలాంటివి పట్టించుకునే తీరిక తక్కువ. బియ్యం స్టాకు, గ్యాసు, జ్వరాలు, ఫేస్ అటెండెన్స్ పడని ఫోను, వీటి మధ్య ఒక మార్కు ఎక్కడ గుర్తుంటుంది. కానీ ఆ మాట మాత్రం పోలేదు. అందుకే విహారయాత్ర ఎక్కడికి అన్న చర్చ వచ్చినప్పుడు, వైజాగ్ బీచ్ అన్న పిల్లలు ఎక్కువమంది ఉన్నా, బొర్రాకు అని మేమే తేల్చేశాం. నలభై రెండు మందిలో బొర్రా లోపలికి వెళ్లినవాళ్లు ముగ్గురే. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు చూసే చోటును మన పిల్లలు చూడలేదు.

నవంబరులో రెండో శనివారం బయలుదేరాం. అనుమతులు, తల్లిదండ్రుల సంతకాలు, వేలిముద్రలు అన్నీ అయ్యేసరికి మూడు వారాలు పట్టింది. మా పిల్లల్లో ఇద్దరికి సికిల్ సెల్ ఉంది. నీళ్లు తాగించాలి, చలి తగలనివ్వకూడదు, మెట్లు ఒక్కసారిగా ఎక్కించకూడదు. వాళ్ల కోసం ఏఎన్‌ఎం అక్కను వెంట తీసుకున్నాం. ఈ సభలో హాస్టళ్లు చూసేవాళ్లు ఎవరైనా ఉంటే ఇది గుర్తు పెట్టుకోండి. అలాంటి పిల్లలను ఇంట్లో వదిలేసి వెళ్లడం తేలిక, తీసుకెళ్లడమే సరైనది.

పాడేరు వైపు నుంచి అరకు మీదుగా బస్సు. దారంతా వలిసె పూలు పసుపచ్చగా పరుచుకుని ఉన్నాయి. సుంకరమెట్ట కాఫీ తోటలు దాటేసరికి సగం మంది వాంతులు. మిగతా సగం పాటలు.

గుహ లోపలికి వెళ్లే ముందు ఒక చిన్న విషయం చెప్పాలి. వెళ్లడానికి వారం ముందే హాస్టల్ వంటింట్లో మేము ఒక పని చేశాం. మా మెనూలో గుడ్డు ఉంటుంది కదా, ఆ పెంకులు కడిగి గిన్నెలో వేసి నిమ్మరసం పోశాం. కాసేపటికి బుడగలు వచ్చాయి. తెల్లారేసరికి పెంకు పలచబడి వేలితో నొక్కితే వంగింది. గుడ్డు పెంకు, సున్నపురాయి ఒకే జాతి. వాన నీళ్లు గాలిలో, మట్టిలో కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పులుపెక్కుతాయి. ఆ నీళ్లు సున్నపురాయి పగుళ్లలోకి దిగి రాయిని కరిగిస్తాయి. నిమ్మరసం ఒక రాత్రిలో చేసిన పని గోస్తనీ నది, కొండ మీద పడే వాన కలిసి లక్షల ఏళ్లు చేశాయి. అదే బొర్రా. టీచర్ ట్రైనింగులో మాకు మొదట నేర్పిన సూత్రం, తెలిసిన దాని నుంచి తెలియని దానికి తీసుకెళ్లాలని. గుడ్డు దగ్గర పాటించాం. క్విజ్ దగ్గర మరిచాం.

గుహ నోరు చూడగానే పిల్లల అరుపులు ఆగిపోయాయి. అంత పెద్దదని ఎవరూ అనుకోలేదు. సముద్ర మట్టానికి సుమారు 705 మీటర్ల ఎత్తులో ఉన్న చోటు, లోపల మెట్లు దిగుతూ పోతే సుమారు 80 మీటర్ల లోతు. పైకప్పు నుంచి రాళ్లు చెట్టు ఊడల్లా వేలాడుతూ ఉంటాయి. కింద నుంచి పుట్టల్లా రాళ్లు లేస్తూ ఉంటాయి. కరిగిన సున్నాన్ని మోసుకొచ్చిన నీటిబొట్టు పైకప్పు అంచున కాసేపు ఆగుతుంది. దానిలోని వాయువు గాలిలోకి పోతుంది. పోగానే సున్నం కాస్త అక్కడే అంటుకుంటుంది. మిగిలిన బొట్టు కింద పడి అక్కడా కాస్త వదులుతుంది. పైది కిందికి, కిందిది పైకి పెరుగుతాయి. రెండూ కలిస్తే స్తంభం. పాఠ్యపుస్తకంలో వీటికి స్టాలక్టైట్, స్టాలగ్మైట్ అని పేర్లు. ఏది పైది, ఏది కిందిది అని మా పిల్లలు ప్రతి పరీక్షలో తడబడతారు. ఆ రోజు తరువాత ఒక్కరూ తడబడలేదు.

ఇవి పెరిగే వేగం చోటును బట్టి మారుతుంది. సగటున ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు అని చెబుతారు. అంటే ఒక సెంటీమీటరుకు వందేళ్లు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి తన చూపుడు వేలు పక్కన పెట్టి కొలిచి, “ఇది ఏడు వందల ఏళ్ల వేలు” అంది. వెంటనే ఇంకో నలుగురు ముట్టుకోబోతే ఆపాం. చేతి జిడ్డు అంటితే ఆ మీద సున్నం సరిగా పట్టదు, రాయి పెరగడం అక్కడితో ఆగవచ్చు. ఆపితే ఆగారు. పెద్దవాళ్లు మాత్రం మా ముందే నాలుగైదు రాళ్లను నిమిరి, ఆనుకుని ఫోటోలు దిగారు.

రంగురంగుల లైట్ల గురించి ఒక మాట. పిల్లలకు బాగా నచ్చాయి, మాకు నచ్చలేదు. ఎర్రదీ నీలిదీ పడితే అసలు రాయి రంగు ఏమిటో తెలియదు. మూలగా ఒక చోట మామూలు టార్చి వేసి చూపించాం. పాల మీగడ రంగు, అక్కడక్కడ తేనె రంగు. అదే బాగుంది. ఇది మా అభిప్రాయం మాత్రమే.

మాకు దారి చూపిన గైడు పక్క ఊరి కుర్రాడే. శివపార్వతులు, తల్లీబిడ్డ, రుషి గడ్డం, మొసలి, మనిషి మెదడు అంటూ ఒక్కో రాయి చూపించుకుంటూ వెళ్లాడు. తరువాత గొంతు సవరించుకుని, “1807లో విలియం కింగ్ జార్జ్ అనే తెల్లదొర ఈ గుహలు కనుగొన్నారు” అన్నాడు. మా ఏడో తరగతి పిల్ల వైపు చూశాం. తల దించుకుని ఉంది. కాసేపు ఆగి ఆదివాసీ ఒడియాలో అతన్ని ఏదో అడిగింది. అతను పకపకా నవ్వాడు. ఏమడిగావమ్మా అంటే, ఆ పిల్ల చెప్పలేదు. అతనే చెప్పాడు: “అన్నా, ఇంట్లో కూడా ఇలాగే చెబుతావా అని అడిగింది మేడమ్. ఇంట్లో ఎవరు చెబుతారు? మాకు నేర్పింది చెబుతున్నాం.” తరువాత టార్చి ఆర్పి, అసలు తన తాత ఏం చెప్పేవాడో చెప్పాడు. కొండ మీద మేసే ఆవు పైకప్పులోని కన్నం నుంచి లోపలికి పడిందట. కాపరి వెతుక్కుంటూ కింద నుంచి వచ్చి గుహలోకి దిగాడట. ఆవు బతికే ఉందట. పక్కన లింగంలాంటి రాయి కనపడిందట, దాని దయ వల్లే ఆవు బతికిందని మొక్కారట. ఇక్కడ పుట్టి పారే నదికి గోస్తనీ, ఆవు పొదుగు, అన్న పేరు ఆ కథతోనే కలిసి నడుస్తోంది. శివరాత్రికి ఇప్పటికీ చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడికే వస్తాయి. మా పిల్ల క్విజ్‌లో రాసినది అదే కథ. రెండు వాక్యాల్లో రాసింది, అంతే.

అప్పుడే తల మీద డప్పు మోగినట్టు చప్పుడు. వానేమో అని పిల్లలు బెదిరారు. వాన కాదు, రైలు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే లైను ఈ గుహల మీదుగానే పోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను. కింద బొట్టు బొట్టుగా రాయి కడుతూ ఉంది, పైన టన్నుల కొద్దీ రాయి వెళ్లిపోతూ ఉంది. కాసేపు ఎవరమూ కదలలేదు.

బయటికి వచ్చాక పులిహోర పొట్లాలు విప్పాం. కోతులు రెండు పొట్లాలు ఎత్తుకుపోయాయి. బొంగు చికెన్ వాసనకు పిల్లలు అటే చూస్తున్నారు గానీ మా బడ్జెట్‌లో అది లేదు. అక్కడ, మొక్కజొన్న పొత్తులు కాల్చే వరసలో, ఒక పెద్దామె లేచి నిలబడి మా ఏడో తరగతి పిల్లను దగ్గరికి లాక్కుంది. వాళ్ల నాయనమ్మ. మనవరాలు వస్తోందని కబురు అంది గంపెడు సీతాఫలాలు తెచ్చి ఉంచింది. మేమూ పక్కన కూర్చున్నాం. ఆమెది కువి భాష, మాకు రాదు. పిల్ల మధ్యలో ఉండి చెప్పింది.

క్విజ్ సంగతి నాయనమ్మకు ముందే తెలుసు. సెలవుల్లో చెప్పేసినట్టుంది. మమ్మల్ని కోప్పడలేదు. పొత్తు తిప్పుతూ ఒకటే అడిగింది: “ఆ దొర వచ్చేదాకా కన్నం మూసి ఉందా?”

పిల్లలందరూ నవ్వారు. మేమూ నవ్వాం, ఇంకేం చేస్తాం.

తరువాత ఆమె వయసులో ఉన్నప్పటి రోజులు చెప్పింది. ఈ కొండల్లో తెల్లరాయి తవ్వేవారు. మందుగుండు పేలితే ఇళ్లలో కుండలు కదిలేవి. కూలికి ఆమె కూడా వెళ్లింది. భూమి తమదే, కూలి కూడా తమదే, లారీ మాత్రం వేరేవాళ్లది. ఆ మాట పిల్ల తెలుగులో చెప్పేటప్పుడు ఒక్కసారి ఆగి, మళ్లీ నాయనమ్మను అడిగి సరి చూసుకుని చెప్పింది.

ఆ తవ్వకాల కథ ఎక్కడికి వెళ్లిందో ఈ సభలో పెద్దలకు తెలుసు. పిల్లల కోసం చెబుతున్నాం. బొర్రా అటవీ ప్రాంతం, దాని చుట్టూ ఉన్న 14 గ్రామాలు షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వడం చెల్లదని సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో ఓడిపోయింది. సుప్రీంకోర్టు 1997 జులై 11న తీర్పు ఇచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వకూడదని, భూమి బదలాయింపు నిబంధనల్లో ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉందని తేల్చింది. దేశమంతా దాన్ని సమత తీర్పు అంటారు. లా కాలేజీల్లో చదువుతారు. ఆ తీర్పు వచ్చిన ఏడాది మేము ఇంటర్మీడియట్ చదువుతున్నాం, ఈ కొండల్లోనే. మాకు ఒక్కరూ చెప్పలేదు. టీచర్ ట్రైనింగులోనూ చెప్పలేదు. మా క్విజ్‌లోని ఇరవై ప్రశ్నల్లో అది లేదు, పదకొండో ప్రశ్న ఉంది. ఆ రోజు పొత్తుల పొగలో కూర్చుని అది తలుచుకుంటే సిగ్గేసింది.

తిరిగి హాస్టల్‌కు వచ్చాక పదో తరగతి పిల్లలు వదల్లేదు. అదే పోటీ పరీక్షల పుస్తకం తీసి, వేరే పేజీలో భారత భూగర్భ సర్వేక్షణ శాఖ స్థాపన 1851 అని చూపించారు. 1851లోంచి 1807 తీసేశారు. నలభై నాలుగు. “మేడమ్, శాఖ పుట్టడానికి నలభై నాలుగేళ్ల ముందు ఆ శాఖ ఆఫీసరు ఎలా వచ్చాడు?” మా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లుగా రెండు పేజీలూ మేమే చదివిస్తున్నాం, పక్కపక్కన పెట్టి ఒక్కసారీ చూడలేదు. తరువాత వెతికితే, ఆ శాఖలో విలియం కింగ్ అనే ఆయన నిజంగానే ఉన్నాడు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించింది ఆయనే. సింగరేణిలో కింగ్ సీమ్ అని ఒక బొగ్గు పొరకు ఆయన పేరే పెట్టారు. 1871లో ఇల్లెందు అడవుల్లో తిరిగినవాడు 1807లో బొర్రాలో ఉండే వీలు లేదు కదా. ఎవరో ఎప్పుడో రాసిన అంకెను అందరం ఎత్తి రాసుకున్నాం. దాన్ని బట్టే ఒక పిల్లకు మార్కు తగ్గించాం.

ఇంకో సంగతి కూడా ఆ వెతుకులాటలోనే దొరికింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పురావస్తు పరిశోధకులు బొర్రాలో పాతరాతియుగపు రాతి పనిముట్లు గుర్తించారు. అంటే నాయనమ్మ ప్రశ్నకు పుస్తకంలోనే జవాబు ఉంది. కన్నం మూసి లేదు.

మా పిల్లలకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం రాయి పేరు. బొర్రా సున్నపురాయి చుట్టూ, తూర్పు కనుమల పొడవునా, ఎర్రగా గోధుమరంగులో కనపడే ఒక రాయి ఉంది. మన ఇళ్ల గోడల్లో, గట్లలో అదే. కోణార్క్ గుడి కట్టింది కూడా ఆ రాయితోనే. దాన్ని శాస్త్రవేత్తలు ఖొండలైట్ అంటారు. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద ఆ పేరు పెట్టాడు. ఖోండులంటే మన కోందులే, సామంతులే. ప్రపంచంలో ఎక్కడ ఆ రకం రాయి దొరికినా దాన్ని ఈ పేరుతోనే పిలుస్తారు. మా ఏడో తరగతి పిల్ల కోందు ఇంటి పిల్ల. ఇది విని ఆ పిల్ల ఏమీ అనలేదు. సాయంత్రం చూస్తే గేటు పక్కన రాళ్ల కుప్ప దగ్గర కూర్చుని ఒక్కో రాయి తిప్పి చూస్తోంది. మరుసటి రోజు కిటికీలో ఒక రాయి, దాని కింద కాగితం ముక్క మీద ‘మా రాయి’ అని ఉంది. ఊడ్చే అక్క పారేయబోతే మేమే ఆపాం.

పెద్దలకు ఒక విన్నపం. మన సంఘం ఈ ఈ-సావనీర్‌లో ఊరి కథలకు నాలుగు పేజీలు కేటాయిస్తే, మా హాస్టల్ పిల్లలు బొర్రా చుట్టుపక్కల పెద్దవాళ్లను అడిగి రాసి పంపుతారు. కువిలో, ఆదివాసీ ఒడియాలో విని తెలుగు లిపిలో రాస్తారు. తప్పులుంటాయి, మేము చూసి పంపుతాం. ఈసారి ఎర్ర పెన్ను వాడం. గైడు కుర్రాళ్లు కూడా కొందరు కలిసి వస్తామన్నారు.

ఇక ఆ పదకొండో ప్రశ్న. బొర్రా నుంచి వచ్చిన వారానికి అందరినీ ప్రార్థనకు నిలబెట్టి, జవాబు మేమే తప్పు రాశామని చెప్పాం. పిల్లల ముందు ఆ మాట చెప్పడం అనుకున్నంత తేలిక కాలేదు. మూడో బహుమతి ఇద్దరికీ అని ప్రకటించి, సంతలో కొన్న కొత్త టిఫిన్ డబ్బా ఆ పిల్ల చేతిలో పెట్టబోయాం. తీసుకోలేదు. తనకు ఇంటి నుంచి తెచ్చుకున్నది ఒకటి ఉందంది. జేబులోంచి మడత పెట్టిన జవాబు పత్రం తీసింది. ఆగస్టు నుంచి దాచుకుందన్నమాట. మా ముందు పెట్టి, “ఈ గీత కొట్టేసి మార్కు వేయండి మేడమ్” అంది. వేశాం. కింద సంతకం, తేదీ కూడా వేయమంది. అవీ వేశాం.